నిన్నటి చుక్క కదలకూడదు

కాడుగోడిలో మా అపార్ట్‌మెంటు లిఫ్టులో, కొత్తగా ఉద్యోగంలో చేరిన ఒక అమ్మాయి మొన్న నన్ను అడిగింది, సాఫ్ట్‌వేర్‌లో రిటైరయ్యేదాకా ఉండేవాళ్ళు కూడా ఉంటారా అంకుల్ అని. ఉంటారు, అరుదుగా. తెలివైనవాళ్ళు పై పదవుల్లోకి పోతారు, ధైర్యం ఉన్నవాళ్ళు సొంత కంపెనీలు పెడతారు, విసుగెత్తినవాళ్ళు ఊరవతల కోళ్ళ ఫారాలు పెడతారు. ఇందులో ఏదీ చేతకాక నేను చివరిదాకా కోడు రాస్తూ కూర్చున్నాను. అన్నేళ్ళలో రాసినవాటిలో బాగా వచ్చినవి నాకు ఇప్పుడు ఒక్కటీ గుర్తు లేదు. గుర్తున్నదల్లా ఒక తప్పు. అదీ ఎవరో తిట్టిపోసిన తప్పు కాదు, బహుమతి పుచ్చుకున్న తప్పు. మీలో కొత్తగా ఈ పనిలోకి వచ్చినవాళ్ళు ఉంటే వినండి. నవ్వుకోవడానికైనా పనికొస్తుంది.

మా ఆఫీసు హూడిలో ఉండేది. కింద టైల్స్ షాపు, పైన మేము. షేర్ల ధరలను బొమ్మలుగా గీసి చూపించే యాప్ మాది. పొద్దున తొమ్మిదింపావుకు మార్కెట్టు మొదలైతే మధ్యాహ్నం మూడున్నర దాకా ఆ బొమ్మలు కదులుతూనే ఉంటాయి. ధరల బొమ్మ కింద ఇంకో చిన్న గీత ఉంటుంది, చూసే ఉంటారు. దాన్ని మేం మొమెంటమ్ లైన్ అనేవాళ్ళం. ఇక్కడ ఊపు గీత అందాం. ధర ఎంత ఉందన్నది దానికి అక్కర్లేదు, ఏ ఊపుతో పోతోందన్నదే చెబుతుంది. సున్నాకూ నూరుకూ మధ్య తిరుగుతుంది. డెబ్బై దాటితే షేరు మరీ ఉరుకుతోందని, ముప్ఫై కిందికి దిగితే మరీ చతికిలబడిందని జనం అనుకుంటారు. అలా అనుకుని కొంటారు, అమ్ముతారు. ఆ గీత కోడు నాది.

ఆ గీతలో ఒక కిటుకు ఉంది. ధర పెరిగినదానికొకటి, తగ్గినదానికొకటి, మొట్టమొదటి పద్నాలుగు రోజులకు మాత్రమే మామూలు సగటు తీస్తాం. ఆ తర్వాత ప్రతి రోజూ నిన్నటి సగటులో పద్నాలుగింట పదమూడు వంతులు ఉంచి, ఇవాళ్టిది ఒక్క వంతు కలుపుతాం. అంటే ఇంట్లో పెరుగు తోడు పెట్టినట్టే. ఇవాళ్టి పెరుగుకు తోడు నిన్నటి గిన్నెలోది, నిన్నటిదానికి మొన్నటిది. ఎప్పుడో మొదటి రోజు పెట్టిన తోడు ఎంతో కొంత ఇవాళ్టి గిన్నెలో కూడా ఉన్నట్టే లెక్క. ఇది నాకు తెలియక కాదు. తెలుసు, నోటికి వచ్చు.

అయితే ఫోన్లలో మా యాప్ మెల్లగా నడుస్తోందని ఒక ఏడాది గొడవ మొదలైంది. మా మేనేజరు మైసూరు ఆయన, ఎప్పుడూ గొంతు పెంచని మనిషి. అంతటి ఆయనే బల్ల మీద చెయ్యి వేసి ఏదో ఒకటి చెయ్యమన్నాడు. నేను రెండు రోజులు ఆలోచించి ఒక చమత్కారం చేశాను. ఇరవై ఏళ్ళ ధరలన్నీ తెచ్చి లెక్క వెయ్యడం దేనికి, తెరమీద కనిపిస్తున్న రోజులకు, వాటికి ముందు ఒక పద్నాలుగు రోజులకు వేస్తే చాలదా అనుకున్నాను. వేశాను. యాప్ పరిగెత్తింది. పరీక్ష కూడా చేశాను. ఎక్సెల్‌లో అవే రోజులకు అదే లెక్క వేసి పోల్చి చూస్తే, దశాంశాలతో సహా కలిసింది. ప్రశ్నపత్రం నేనే రాసి, జవాబు నేనే రాసి, నూటికి నూరు నేనే వేసుకున్నానన్న సంగతి అప్పుడు తట్టలేదు. ఆ సంవత్సరం కంపెనీ పండుగలో నాకు అరచేతి మందాన ఒక గాజు బిళ్ళ ఇచ్చారు. వేగానికి బహుమతి అని దాని మీద చెక్కి ఉంది. మా ఆవిడ దాన్ని టీవీ పక్కన పెట్టింది.

ఆరేళ్ళు గడిచాయి. ఎవరూ ఏమీ అనలేదు.

ఆరో ఏడు చివర్లో దొడ్డబళ్ళాపురం నుంచి ఒక ఫిర్యాదు వచ్చింది. రాసింది ఒకావిడ, వాళ్ళ నాన్న తరఫున. నాన్న చేత్తో ఈ గీత గీస్తారని, ఆయన చుక్కకూ మీ చుక్కకూ తేడా వస్తోందని, పైగా మీ నిన్నటి చుక్క ఇవాళ ఇంకోచోట ఉంటోందని రాసింది. గళ్ళ కాగితం ఫోటో ఒకటి జత చేసింది. నా పెద్ద తెరమీద ఏడాది బొమ్మ తెరిచి చూశాను, అంతా బాగానే ఉంది. చేతి లెక్కలో తేడాలు సహజం అని రాసి ఫిర్యాదు మూసేశాను.

మా దగ్గర టెస్టింగ్ చూసే అమ్మాయి ఒకతె ఉండేది, ఒంగోలు వైపు పిల్ల. వాళ్ళమ్మ మిషన్ ఆసుపత్రిలో నర్సు. ఆ అమ్మాయికి పట్టుదల ఎక్కువ, మాట తక్కువ. నేను మూసిన ఫిర్యాదును మర్నాడు తెరిచింది. దశాంశాల సవరింపు తేడా అని రాసి మళ్ళీ మూశాను. మళ్ళీ తెరిచింది. మూడోసారి మూస్తూ, దయచేసి ఇక తెరవవద్దు అని కూడా రాశాను. అప్పుడు తను ఫోను పట్టుకుని నా సీటు దగ్గరికే వచ్చింది. తెరమీద రెండు వేళ్ళతో బొమ్మను పెద్దది చేసింది, చిన్నది చేసింది. ఊపు గీత చివర ఉన్న అంకె ముప్ఫై ఒకటి అయింది, ఇరవై తొమ్మిదిన్నర అయింది, మళ్ళీ ముప్ఫై ఒకటి అయింది.

"సర్, పేషెంటుకు నిన్న రాసిన టెంపరేచర్, చార్టు మడతపెడితే మారిపోదు కదా," అంది.

ఏదో డిస్‌ప్లే సమస్య అయ్యుంటుందన్నాను. నిజం చెప్పాలంటే, ఆ క్షణాన నాకూ అనుమానం తగిలింది. కానీ గాజు బిళ్ళ పుచ్చుకున్నవాణ్ణి. ఆరేళ్ళుగా లక్షలమంది చూస్తున్న గీతను, ఎవరో పెద్దాయన పెన్సిలుతో తప్పుపట్టడమా అనిపించింది.

పైగా సమయం కూడా మంచిది కాదు. వచ్చే సోమవారం మేం ఒక పెద్ద బ్రోకరు కంపెనీకి కొత్త సౌకర్యం ఇవ్వబోతున్నాం. ఊపు గీత ముప్ఫై కిందికి దిగగానే, డెబ్బై దాటగానే వాళ్ళ ఖాతాదారుల ఫోన్లు గంట కొడతాయి. అంతదాకా మా గీతను జనం చూసి వాళ్ళంతట వాళ్ళు నిర్ణయించుకునేవాళ్ళు. ఇకమీదట మేమే పిలిచి చెప్పబోతున్నాం. ఆ గంట వెనక ఉన్నదీ నా లెక్కే. వేల షేర్లకు వేగంగా వెయ్యాలి కాబట్టి ముప్ఫై రోజుల ధరలతోనే సరిపెట్టుకునే లెక్క. నా లెక్క తప్పయితే సోమవారం నుంచి ఆ గంటలన్నీ తప్పు గంటలు. ఆ పని అయ్యాక ఆ జట్టంతటికీ నన్ను పెద్దను చేస్తామని మాట కూడా ఇచ్చారు.

శుక్రవారం సాయంత్రం ఆ అమ్మాయి, రేపు దొడ్డబళ్ళాపురం వెళ్తున్నానని చెప్పింది. ఆ పెద్దాయన కూతురితో మాట్లాడానని, ఇంటికి రమ్మన్నారని అంది. నేనూ వస్తానన్నాను. సహాయం చెయ్యడానికి కాదు. ఆయన లెక్కలో తప్పెక్కడుందో అక్కడే చూపించి, ఆ ఫిర్యాదును నాలుగోసారి, ఆఖరిసారి మూద్దామని. అందుకోసం ఆయన గీసే ఆ ఒక్క షేరు ధరలు, ఇరవై ఏళ్ళవీ, లాప్‌టాప్‌లోకి ఎక్కించుకున్నాను కూడా.

బస్సులు రెండు మారి పదకొండింటికి దిగాం. ఆ వీధిలో ఏ ఇంటి ముందు నిలబడినా మగ్గాల చప్పుడే. కరెంటు మగ్గాలు, ఒకదాన్ని మించి ఒకటి. కూతురు ఎదురొచ్చింది. పక్కనే బడిలో టీచరట. నాన్న మూడు రోజులుగా మీకోసం గది తుడుస్తున్నారని నవ్వుతూ చెప్పింది. పెద్దాయన డెబ్బై దాటినవాడు, సన్నగా, ముతక అంగీలో. మందపాటి కళ్ళద్దాలు. కుడిచేతి వేళ్ళ కొసలు నీలంగా ఉన్నాయి. ఆయన ఎవరో అక్కడ కూర్చుని కాఫీ తాగుతుండగా తెలిసింది. ఆయన నేసేవాడు కాదు, గీసేవాడు. పట్టుచీర అంచుకు హంస కావాలంటే, మామిడిపిందె కావాలంటే, ముందు దాన్ని గళ్ళ కాగితం మీద గడికొక చుక్కగా గియ్యాలి. ఆ చుక్కల లెక్క ప్రకారం అట్టలకు చిల్లులు కొడతారు, ఆ అట్టల ప్రకారం మగ్గం పోగు ఎత్తుతుంది. ఒక్క గడి తప్పితే ఒక్క చీరలో కాదు, ఆ అట్టలతో నేసే ప్రతి చీరలోనూ హంసకు ముక్కు వంకర. నలభై ఏళ్ళు అదే పని చేశాడు. తర్వాత కంప్యూటర్లొచ్చాయి. రోజంతా గీసే బొమ్మను అవి కాఫీ తాగేలోపు గీసిచ్చాయి. ఆయన్ని పిలిచేవాళ్ళు లేకపోయారు.

"పని పోయినాది. చెయ్యి పోలేదు కదప్పా," అన్నాడు ఆయన. "మిగిలిన గళ్ళ కాయితం ఇంటినిండా ఉండాది. దాన్నేం చేసేది?"

చీరలు కొనడానికి వచ్చే ఒక బ్యాంకు ఆఫీసరు ఏదో పత్రికలో చూసిన ఈ ఊపు గీత లెక్కను ఆయనకు కాగితం మీద రాసిచ్చాడట. ఆయన దగ్గర ఒక్క కంపెనీ షేర్లు కొద్దిగా ఉండేవి. ఆ ఒక్కదానికే గీయడం మొదలుపెట్టాడు. పేపర్లో ముందురోజు ధర చూసుకోవడం, లెక్క వెయ్యడం, ఒక చుక్క పెట్టడం, ఆ తర్వాతే కాఫీ. ఫోన్లు వచ్చాక ధర అదేరోజు సాయంత్రం తెలిసిపోతోంది. ఇంతకీ ఆ షేర్లు ఎప్పుడైనా అమ్మారా అని అడిగాను. లేదన్నాడు. మరి గీత దేనికని అడగబోయి మానుకున్నాను.

కళ్ళు పాడవుతున్నాయని, ఇక గీత మానెయ్యమని కూతురే ఆయన ఫోనులో మా యాప్ పెట్టింది. అదే గీస్తుంది కదా నాన్నా, చూసుకో చాలు అంది. ఆయన సరేనన్నాడు. అయితే మానేముందు ఒక్కసారి రెండూ కలుస్తాయో లేదో చూద్దామనుకున్నాడు. కలవలేదు.

"చుక్క తేడా వస్తే నాదే తప్పనుకుంటి," అన్నాడు. "మూడు సార్లు మొదటినుంచి వేసినా. అది కూడా పోనీలేప్పా. నిన్నటి చుక్క ఈ దినం కదులుతుండాది చూడు, అది నాకు తెగలేదు. నిన్న అయిపోయిండాది. నేసేసిన చీరలో పోగు ఎనక్కి పోయి ఇంకో తావ కూర్చుంటుందా?"

నేను లాప్‌టాప్ తెరిచాను. మీ లెక్కలు చూద్దాం తీయండి అన్నాను, కొంచెం అధికారంగానే.

ఆయన లోపలికి వెళ్ళి ఒక కాగితాల చుట్ట తెచ్చాడు, చాప చుట్టంత ఉంది. తండ్రీకూతుళ్ళు ఇద్దరూ దాన్ని ముందుగదిలో మొదలుపెట్టి పరిచారు. గళ్ళ కాగితాలు, ఒకదానికొకటి మైదా జిగురుతో అంటించినవి. ముందుగది అయిపోయింది. నడవలోకి వెళ్ళింది. నడవ దాటి వెనక మగ్గాల సావిట్లోకి వెళ్ళింది. అక్కడ అద్దెకు మగ్గాలు నడిపేవాళ్ళు చప్పుడు ఆపి పక్కకు జరిగి చోటిచ్చారు. వాళ్ళకు ఇది అలవాటేనని చూస్తే తెలుస్తోంది. గడికొక రోజు. ఇరవై ఏళ్ళ రోజులు. మధ్యలో ఒక్క రోజు ఖాళీ లేదు. కూతురి పెళ్ళి రోజున చుక్క ఉంది. భార్య పోయిన రోజున కూడా ఉంది, దాని పక్కన ఏమీ రాయలేదు, చుక్క మాత్రం మిగతావాటికన్నా కొంచెం పెద్దది.

నేను ఆ గీత పక్కన నడిచాను. ఎప్పుడూ వేలెడంత తెరమీద చూసినదాని పక్కన అడుగులు వేస్తూ నడిచాను. మార్కెట్టంతా కుప్పకూలిన ఒక ఏడాది దగ్గర గీత అట్టడుగుకు పోయి, జానెడు మేర అక్కడే పాకి, మెల్లగా లేచింది. ఆ చోట నిలబడిపోయాను. నేను ఆ గీతకు కోడు రాశాను కానీ అంతదాకా దాన్ని చూడలేదనే అనాలి. అక్కడ ప్రతి చుక్కా దాని ముందు చుక్కను పట్టుకుని నిలబడి ఉంది. నా కోడు మాత్రం ప్రతిసారీ కొట్టుకెళ్ళి కొత్త పెరుగు ప్యాకెట్టు కొనుక్కొచ్చి తోడు పెడుతోంది.

అయినా అహంకారం అంత తేలిగ్గా చావదు కదా. సావిట్లో ఒకచోట నాకు తప్పు దొరికింది. గీత నిట్టనిలువుగా కిందికి పడిపోయింది. నా లాప్‌టాప్‌లో ఆ రోజున అలాంటి పతనమేమీ లేదు. ఇక్కడ తప్పు వేశారు చూడండి అన్నాను. గొంతులో సంతోషం దాచుకోలేకపోయాను. టెస్టింగ్ అమ్మాయి నన్ను చూసిన చూపు నాకు ఇప్పటికీ గుర్తుంది.

పెద్దాయన వంగి చూసి నవ్వాడు. కళ్ళద్దాలు సర్దుకుని, సరిగ్గా చూడప్పా అన్నాడు. చూశాను. అక్కడ రెండు గీతలున్నాయి. నీలం గీత పడిపోయింది. అదే గడి నుంచి ఒక ఎర్ర గీత బయలుదేరి తిన్నగా పోయింది. పదకొండు గళ్ళ తర్వాత నీలం గీత ఆగిపోయింది. ఆ ఎర్ర గీతకు తగులుకుని మళ్ళీ నీలం మొదలైంది. అప్పట్లో ఆ కంపెనీ ఒక్కో షేరును రెండుగా చీల్చింది. ధర సగమైంది, ఎవరికీ నష్టం లేదు. ఆయనకు ఆ సంగతి తెలియక పడిపోయిందనుకుని పదకొండు రోజులు గీశాడు. బ్యాంకు ఆఫీసరు చెప్పాక తెలిసింది. ఆ పదకొండు రోజులూ ఎర్ర పెన్సిలుతో మళ్ళీ గీశాడు. కింద చిన్న అక్షరాలతో, నా తప్పు, అని రాసి తేదీ వేశాడు.

చెరిపేసి ఉండొచ్చు కదా అని అడిగాను.

"పెన్సిలుదే కదా, చెరపొచ్చు," అన్నాడు. "చెరిపితే రేపు నా గీత నేనే ఎట్ల నమ్మేది?"

ఆ తర్వాత జరిగింది పావుగంట పని. ఆయనకు నచ్చిన రోజు చెప్పమన్నాను. మొన్నటి బుధవారం చెప్పాడు. ఆయన కాగితం మీద ఇరవై తొమ్మిది పాయింట్ ఆరు. మా యాప్‌లో, ఆయన ఫోను తెరమీద, ముప్ఫై ఒకటి పాయింట్ నాలుగు. లాప్‌టాప్‌లో ఇరవై ఏళ్ళ ధరలూ మొదటినుంచి ఇచ్చి, కుదింపు లేని పాత లెక్కను నడిపాను. ఇరవై తొమ్మిది పాయింట్ ఆరు. ఇంకో రోజు అడిగాను. ఇంకో రోజు. ఎనిమిది రోజులు చూశాం, ఎనిమిదీ ఆయనవే. నా పెద్ద తెరమీద ఏడాది బొమ్మ తెరిచినప్పుడు కలవడానికి కారణం కూడా అర్థమైంది. అన్ని రోజులుంటే కొత్త తోడు కూడా పాతబడుతుంది. చిన్న ఫోనులో ముప్ఫై రోజులు మాత్రమే కనిపించేవాళ్ళకే నా తప్పు కనిపిస్తుంది. అంటే పెద్ద కంప్యూటరు కొనలేని ప్రతివాడికీ ఆరేళ్ళుగా నేను తప్పు చూపిస్తున్నాను.

ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. ముఖం పాలిపోయి ఉంటుంది నాది. బేజారు చేసుకోవద్దప్పా, హంస ముక్కు నేను కూడా వంకర గీసినా అన్నాడు. మగ్గాలవాళ్ళు నవ్వారు. నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు కూడా.

తిరుగు బస్సులో ఆ అమ్మాయి సోమవారం ఏం చేద్దాం సర్ అని అడిగింది. సరిచెయ్యడం ఒక రోజు పని. అది కాదు తన ప్రశ్న. ఆదివారం తను ప్రార్థనకు కూడా వెళ్ళకుండా ఆఫీసుకు వచ్చింది. ఇద్దరం కూర్చుని లెక్క సరిచేశాం. సోమవారం పొద్దున్నే మేనేజరు గదిలోకి వెళ్ళి అంతా చెప్పాను. నేను రాశాను, నేను మూశాను, మూడుసార్లు మూశాను అని చెప్పాను. ఆయన చాలా మర్యాదగా, సరిచేసేశారు కదా, ఈ సాయంత్రం ఎవరికీ చెప్పకుండా పెట్టేద్దాం అన్నాడు. అనుకున్నట్టే గంటలు కూడా మోగుతాయి, ఒప్పందం ఆగదు అన్నాడు. ఆ మనిషి చెడ్డవాడు కాదు. డెబ్బైమంది జీతాలు ఆయన తల మీద ఉన్నాయి.

అలా చేస్తే జనం నిన్న చూసిన అంకెలన్నీ ఒక్క రాత్రిలో మారిపోతాయన్నాను. ఎందుకు మారాయో ఎవరికీ తెలియదన్నాను.

"నిన్నటిది ఎవరు చూస్తారండీ?" అన్నాడు ఆయన.

"ఒకాయన చూస్తున్నారు సర్," అన్నాను.

అంతకన్నా గొప్పగా ఏమీ వాదించలేదు. ఫోనులో తీసుకున్న ఫోటో చూపించాను. నడవ పొడుగునా పరిచిన గీత, ఒక చివర ఎర్ర పెన్సిలు. ఆయన దాన్ని రెండు వేళ్ళతో పెద్దది చేసి, చిన్నది చేసి, చాలాసేపు చూశాడు. తర్వాత ఏం రాయాలో మీరే రాయండి అన్నాడు. మధ్యాహ్నం మార్కెట్టు మూసిన వెంటనే సరిచేసిన లెక్క పెట్టి, యాప్ తెరిచిన ప్రతివాడికీ కనిపించేలా నాలుగు వాక్యాలు పెట్టాం. ఆరేళ్ళుగా చిన్న తెరల మీద ఈ గీత తప్పుగా ఉంది, తప్పు మాది, ఇవాళ్టి నుంచి మీరు చూసే అంకెలు పాతవాటికన్నా వేరుగా ఉంటాయి, పాత తప్పు గీత కూడా చూడాలంటే ఇక్కడ నొక్కండి. ఆ చివరి వాక్యం ఆ అమ్మాయి చేర్చింది. నొక్కితే పాత గీత కొత్తదాని పక్కనే ఎర్రగా కనిపిస్తుంది.

తిట్లు వచ్చాయి. మామూలు తిట్లు కాదు. బ్రోకరు కంపెనీ నెలన్నర వాయిదా వేసింది, వచ్చాక కూడా ప్రతి అంకెకూ సంతకం అడిగింది. జట్టుకు పెద్దగా ఇంకొకరిని పెట్టారు. నన్ను ఎవరూ శిక్షించలేదు. ఆ పదవికి మళ్ళీ పిలవలేదు కూడా. ఆ తర్వాత రిటైరయ్యేదాకా నా కుర్చీ మారలేదు. మా ఆవిడ మాత్రం ఆ గాజు బిళ్ళను టీవీ పక్కనుంచి తీసెయ్యనివ్వలేదు, దుమ్ము దులిపి మళ్ళీ అక్కడే పెట్టింది.

అదే సోమవారం సాయంత్రం, ప్రకటన పెట్టిన గంటకు, ఆ అమ్మాయి ఫోను మోగింది. నాకు ఇచ్చింది. పెద్దాయన. మా అంకె చెప్పబోతుంటే ఆపి, ముందు నాది చెప్పనీప్పా అన్నాడు. ముప్ఫై మూడు పాయింట్ రెండు అన్నాడు. ఫోనులో చూశాను. ముప్ఫై మూడు పాయింట్ రెండు. చెప్పాను.

"అయితే ఇంక నిలిపేయొచ్చా నేను?" అన్నాడు. "పాప అడగమంటాంది. కండ్లు పోతాయంటాంది."

వెనక కూతురి గొంతు వినిపిస్తోంది. నిలిపేయండి, మాది ఇప్పుడు సరిగ్గా ఉంది అని చెప్పడం నా ఉద్యోగధర్మం. ఆయన కళ్ళకు కూడా అదే మంచిది. అది చెప్పడానికే నోరు తెరిచాను.

"ఆపొద్దండీ," అన్నాను. "మమ్మల్ని నమ్మొద్దు."

ఆయన నవ్వాడు. సుమ్నే, ఊరికే అడిగినాలేప్పా అని ఫోను పెట్టేశాడు. కాఫీకి ఆలస్యమవుతుంటుంది.

ఇది జరిగి చాలా కాలమైంది. ఆ టెస్టింగ్ అమ్మాయి ఇప్పుడు ఇంకో చోట పెద్ద పదవిలో ఉంది. ఆమె కింద పనిచేసేవాళ్ళు ఆమెకు భయపడతారని విన్నాను, భయపడాలి కూడా. నేను రిటైరైన ఏడాదే పెద్దాయనకు చూపు దాదాపు పోయింది. చుక్క పెట్టలేడు. లెక్క మాత్రం పోలేదు. సాయంత్రం కూతురు ధర చదివి వినిపిస్తుంది. నిన్నటి సగటులు రెండూ ఆయన తలలోనే ఉంటాయి. పదమూడు వంతులు, ఒక వంతు, భాగహారం, అన్నీ కళ్ళు మూసుకుని వేసి నాకు ఫోను చేసి అంకె చెబుతాడు. నేను ఇంట్లో గళ్ళ కాగితం మీద ఆ రోజు చుక్క పెడతాను. చుట్ట నాకు అప్పగించాడు, ఖాళీ కాగితాలు కూడా. కాగితం లేవకుండా ఒక మూల గాజు బిళ్ళ పెడతాను. ఆ పనికి అది సరిగ్గా సరిపోయింది. నేను యాప్‌లో కూడా చూస్తాను. ఇంతవరకు ఆయన తప్పలేదు, యాప్ కూడా తప్పలేదు.

తప్పింది నేను. పోయిన గురువారం పక్క గడిలో చుక్క పెట్టాను. శుక్రవారంది దాని పక్కన పెట్టి, సోమవారంది పెట్టబోతుంటే కనిపించింది. ఆయన చూడలేడు. కూతురు ఇక్కడికి రాదు. ఆ కాగితాన్ని ఇంకెవరూ చూడరు. రబ్బరు నా చేతి పక్కనే ఉంది.

లేచి వెళ్ళి ఎర్ర పెన్సిలు చెక్కుకుని వచ్చాను.